గా మంజుల నువ్వేనా

మొదటి ఫోన్ వచ్చినప్పుడు మంజుల దండెం మీద బట్టలు ఆరేస్తున్నది. తెలియని నంబరు. పాటలకు పిలిచేటోళ్లు ఎప్పుడూ తెలియని నంబర్ల నుంచే చేస్తరు కాబట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకొని ఎత్తింది.

"ఆడెపు మంజులవేనా?" మగ గొంతు.

"ఔనన్నా. చెప్పుండ్రి."

"పసిపిల్లను కొట్టి సంపినవు. నీకు అన్నం ఎట్ల మింగుడువడ్తున్నదే?"

మంజులకు సమజ్ కాలే. ఎవలు కావాలని అడిగేలోపు అవతలి మనిషి నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేసిండు. రాంగ్ నంబరు అనుకొని ఇంకో చీర దులిపింది. అది ఆరేసేలోపు మల్ల మోగింది. ఈసారి ఆడామె. అదే మాట, ఇంకింత చెడ్డ తిట్టు. ఆ తర్వాత మంజుల ఎత్తలే. ఫోన్ బకెట్ పక్కన బండ మీద పెట్టి, అది మోగుకుంట వణుకుతుంటే దూరం నుంచే చూసుకుంట నిలబడ్డది.

ఇంటి వెనుక రేకుల షెడ్డుల సాంచల చప్పుడు ఆగింది. కరెంటు పోలే. సాంచ మీద నేస్తున్న చీర మధ్యల ఆపి ఆమె మొగడు నరేశ్ బయటికి వచ్చిండు. చేతుల ఫోన్ ఉన్నది.

"ఇది చూడు," అన్నడు. "భయపడకు, ముందుగాల చూడు."

ఎర్రమట్టి గ్రౌండు. ఎండ. ఒక పిల్ల నేల మీద పడి ఉన్నది. ట్రాక్ సూట్ వేసుకున్న ఒకామె, వీపే కనపడుతున్నది, పిల్ల మీదికి వంగి చెంపల మీద కొడుతున్నది. లే, లే అని అరుస్తున్నది. అంతే, మల్ల మొదటికొస్తది. పైన పెద్ద అక్షరాలు: కబడ్డీ కోచ్ ఆడెపు మంజుల దాష్టీకం, విద్యార్థిని మృతి. కింద గుండ్రంగ కత్తిరించిన ఫోటో. ఆ ఫోటోల ఉన్నది కోచ్ కాదు. నీలం పట్టుచీర, మెడల శాలువా, నవ్వు మొఖం. సిరిసిల్ల పాటల మంజుల. తనే.

ఆ ఫోటో ఎక్కడిదో ఆమెకు చూడంగనే యాదికొచ్చింది. అంతకుముందు ఏడాది మహిళా దినోత్సవానికి కరీంనగర్ల ఒక పత్రికోళ్లు ముగ్గురు ఆడోళ్లను పిలిచి సన్మానం చేసిన్రు. ముగ్గురి పేరూ ఆడెపు మంజులే. ఒకామె మెట్‌పల్లి మున్సిపాలిటీల కౌన్సిలరు. ఒకామె కాగజ్‌నగర్ కబడ్డీ కోచ్, ఒకప్పుడు దేశం తరఫున ఆడిన మనిషి. మూడో ఆమె తను. సాంచల మీద తను కట్టిన పాట ఫోన్లల్ల తిరిగి తిరిగి నలుగురికీ తెలిసింది. ముగ్గురినీ వరుసగ నిలబెట్టి తీసిన ఫోటోల ఎవరో నడుమ ఉన్న తనను కత్తిరించి పెట్టిన్రు.

"నువ్వు ఎప్పుడన్న కబడ్డీ ఆడినవా?" అన్నడు నరేశ్. "నేను కాదు అని ఒక్క వీడియో పెడితే అయిపోతది. ఫికర్ జెయ్యకు."

మంజుల ఆ మాట వింటలేదు. నేల మీద పడ్డ పిల్లను చూస్తున్నది. "పిల్ల నిజంగనే సచ్చిపోయిందా?" అన్నది.

నరేశ్‌కు తెలియదు. ఎవరికీ తెలియదు.

ఆమె కోచ్‌కు ఫోన్ చేసింది. సన్మానం నాడు ఇద్దరూ పక్కపక్కన కూసొని అన్నం తిన్నరు. కోచ్ వయసుల పెద్దది, మాట గట్టిది. ఆ తర్వాత కూడ అప్పుడప్పుడు మాట్లాడుకునేటోళ్లు. కోచ్ జట్టు గెలిచినప్పుడల్ల ఎవరో ఒకరు పాటల మంజులకు ఫోన్ చేసి శభాష్ అనేటోళ్లు. "నీకొచ్చిన దీవెనలు నా ఇంటికొస్తున్నయక్కా," అని తను చెప్పితే, "ఉంచుకో చెల్లె, రేపు తిట్లు కూడ వస్తయి," అని కోచ్ నవ్వేది.

ఇప్పుడు ఆమె ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తున్నది.

పగటీలికి, ఎండ నెత్తి మీదికొచ్చేసరికి, మెట్‌పల్లి కౌన్సిలరు వీడియో వచ్చింది. ఆమె కుర్చీల కూసొని, చేతులు జోడించి, చాలా చక్కగ మాట్లాడింది. ఆ మంజుల తను కాదని, తన రాజకీయ జీవితం తెరిచిన పుస్తకమని అన్నది. "ఆమె కాగజ్‌నగర్ల ఉంటది. పేపర్ మిల్లుల పనిచేసిన బాలమల్లు బిడ్డ. నాకూ ఆమెకూ ఏ సంబంధం లేదు," అన్నది. దాని కింద మనుషులు రాస్తున్నరు. ఒకడు ఇంటి గుర్తులు అడిగిండు. ఇంకొకడు చెప్పిండు. పోదాం పా అని మరొకడు.

వేములవాడ నుంచి దశరథం ఫోన్ చేసిండు. ఆదివారం నాడు అక్కడ పెద్ద సత్రంల మంజుల పాట ఉన్నది, దాన్ని పెట్టించింది అతనే. "చెల్లె, నువ్వు కాదని నాకెరుకే," అన్నడు. "కాని వచ్చేటోళ్లకు ఎరుక లేదు గద. ఈసారికి జర ఇంట్లనే ఉండు." మంజుల సరే అన్నది. ఫోన్ పెట్టినంక చూస్తే, ఎప్పుడూ తమ వాకిట్ల ఆడుకునే పక్కింటి పిల్లను వాళ్ల నాయనమ్మ రెక్క పట్టుకొని లోపలికి తీసుకపోతున్నది. ఆ ముసలామెకు మంజుల ఎవలో చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా తీసుకపోయింది.

నరేశ్ స్టూలు మీద డబ్బా పెట్టి, దానికి ఫోన్ ఆనిచ్చిండు. "తల దువ్వుకొని కూసో. రెండు మాటలు చెప్పు, సాలు."

ఆమె కూసున్నది. అత్త చంద్రవ్వ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నది.

"నమస్తే. నేను సిరిసిల్ల మంజులను. పాటలు పాడుత. ఆ వీడియోల ఉన్నది నేను కాదు. ఆమె..." అని ఆగిపోయింది.

"ఆమె కాగజ్‌నగర్ కోచ్ అను," అన్నడు నరేశ్.

"అంటే మిగిలిన ఆ ఒక్కదాన్ని పట్టించినట్టే గద."

"మనం పట్టించేదేంది? కౌన్సిలరు ఇంటి అడ్రసే చెప్పింది."

"ఆమె చెప్పింది. నేను గూడ చెప్పాల్నా?" మంజుల చేతులు ఒళ్ల పెట్టుకొని చూసుకున్నది. "పిల్ల ఉన్నదో పోయిందో తెల్వదు. ఆ అక్క కొట్టిందో లేపిందో తెల్వదు. ఏమీ తెల్వకుండ నేను గాదు, గామె అని ఎట్ల చెప్పాలె?"

నరేశ్ వెనుక దిక్కు చెయ్యి చూపిండు. "షెడ్డు మీద ఎవడన్న రాయేస్తే? అవ్వ ఉన్నది. బడి నుంచి పిల్లలొస్తరు. నాకు భయమైతలేదా?"

"అందుకే నువ్వు ఇంటికాడ ఉండు. నేను పోయి ఆమెను చూసి, అడిగి వస్త. అప్పుడు ఏది నిజమైతే అది చెప్త."

అతను చాలాసేపు వద్దన్నడు.  చంద్రవ్వ మాత్రం లోపలికిపోయి కోడలికి పెద్ద స్కార్ఫ్ తెచ్చిచ్చింది. "మూతి కట్టుకొని పో," అన్నది. మర్నాడు పొద్దున నరేశ్ బండి మీద బస్టాండుల దింపిండు.  బస్సు కదిలేటప్పుడు కిటికి దగ్గరికొచ్చి, "గంటకోసారి ఫోన్ చెయ్యి," అన్నడు.

పెద్దపల్లిల ఆమె రైలెక్కింది. జనరల్ డబ్బా, కాలు తీసి కాలు పెట్ట సందు లేదు. ఒక మూలకు కిటికి పక్కన జాగ దొరికింది. ఎదురు సీట్ల ఇద్దరు మగోళ్లు అదే వీడియో చూస్తున్నరు. లే, లే అన్న గొంతు మల్ల మల్ల వినపడుతున్నది.

"గిసొంటిదాన్ని స్తంభానికి కట్టెయ్యాలె," అన్నడు ఒకడు.

"చూస్తే లక్ష్మీదేవి లెక్క ఉన్నది. గుణం జూడు," అన్నడు రెండోవాడు. తన ఫోటోను వేలుతోటి పెద్దగ చేసిండు. మంజులకు తన మొఖం మీదనే ఆ వేలు పడ్డట్టయింది. చూపు కిటికి దిక్కు తిప్పుకున్నది. స్కార్ఫ్ కింద చెమట కారి కండ్లల్ల పడుతున్నది. తుడుచుకోవాలంటే విప్పాలె.

రామగుండంల ఒక వయసుమళ్లిన ఆడామె ఎక్కి మంజులను జరుగుమని పక్కన కూసున్నది. పేరు నాగవ్వ. మొగడు బొగ్గుబాయిల పని చేసి రిటైరైండట, బెల్లంపల్లిల బిడ్డ దగ్గరికి పోతున్నదట. అడగకముందే అన్నీ చెప్పింది. చెప్పి, "గింత ఉక్కపోతల మూతి కట్టుకున్నవేంది బిడ్డా? విప్పు, పానం పోతది. ఇగో నీళ్లు తాగు," అని సీసా ఇచ్చింది.

దాహం నిజంగనే మండుతున్నది. మంజుల గోడ దిక్కు తిరిగి, స్కార్ఫ్ కొంచెం కిందికి గుంజి తాగింది. తాగి ఇస్తుంటే నాగవ్వ ఆమె మొఖం చూసింది. తర్వాత ఎదురుంగ ఉన్న మనిషి చేతుల ఫోన్ చూసింది. మల్ల ఆమెను చూసింది. వంగి చెవుల అడిగింది.

"గా మంజుల నువ్వేనా?"

మంజుల ఎదురు సీటు దిక్కు ఒకసారి చూసి మెల్లగ అన్నది. "పేరు అదే అవ్వా. ఫోటో గూడ నాదే. కాని గామె నేను కాదు."

నాగవ్వ సీసా మూత బిగించింది. ఇప్పుడు అరుస్తదేమో అనుకొని మంజుల కాళ్లు దగ్గరికి తీసుకున్నది. ముసలామె జరిగి, తన పెద్ద ఒళ్లును ఆమెకూ ఎదురు సీటుకూ నడుమ తడికె లెక్క పెట్టి కూసున్నది.

"మూతి కట్టుకో. కిటికి దిక్కు తిరుగు," అన్నది. రైలు కదిలినంక చప్పుడుల మెల్లగ చెప్పింది. "మా బాయిల పైకప్పు కూలినప్పుడు రాయమల్లు సచ్చిపోయిండని మా ఇంటికి కబురొచ్చింది. నా మొగని పేరు రాయమల్లే. గాజులు గూడ తీసిన. మాపటికల్ల మనిషి ఇంటికొచ్చిండు. పోయింది గా ఇంకో రాయమల్లు, మా క్వార్టర్ల వెనుక లైన్ల ఉంటుండె. నేను నవ్విన బిడ్డా. మొగని మీద పడి నవ్విన. నా నవ్వు ఆపకముందే వెనుక లైన్ల నుంచి ఆమె ఏడుపు మొదలైంది. గిప్పటికీ ఆమె ఎదురైతే నేను తల వంచుకొని పోత. నేనేం తప్పు చెయ్యలే. అయినా వంచుకుంట."

మంచిర్యాల వచ్చింది, పోయింది. బెల్లంపల్లిల నాగవ్వ దిగిపోయింది. నీళ్ల సీసా మాత్రం సీటు మీద విడిచిపెట్టింది.

కాగజ్‌నగర్ స్టేషన్ బయట ఆటో అతనికి బాలమల్లు ఇల్లు అని చెప్పంగనే అతని మొఖం మారింది. "మీరు గూడ వీడియో తీసుకునేటోళ్లేనా?" అని అడిగిండు. పేరు అరుణ్‌కుమార్ అని ఆటో అద్దం మీద రాసి ఉన్నది.

"కాదు తమ్మి. కోచ్ అక్కకు తెలిసినదాన్ని."

అతను ఆమెను కొంచెం సేపు చూసిండు. "ముంగట దిక్కు బాగా మంది ఉన్నరు. బయటూర్లోళ్లు. వెనుక గల్లి నుంచి పోదాం. మా చెల్లె మేడమ్ దగ్గర్నే ఆడింది," అన్నడు.

వెనుక తలుపు కొట్టితే చాలాసేపటికి కొంచెం తెరుచుకున్నది. ఒక ముసలి కన్ను. మంజుల స్కార్ఫ్ విప్పింది. "పెద్దబాపూ, నేను సిరిసిల్ల మంజులను."

"పాటల మంజులవా," అన్నడు బాలమల్లు. తలుపు తీసి, ఆమె లోపలికి రాంగనే గొళ్లెం పెట్టిండు. మిల్లుల బతుకంత పనిచేసిన మనిషి, మిల్లు మూతవడ్డనాడు ఇంటికొచ్చి, మల్ల తెరిచినా పోలేదట. కోచ్ ఒక్కతే బిడ్డ. ఇప్పుడు ఆయన గొళ్లెం మీదికెల్లి చెయ్యి తీస్తలేడు. వాకిటి దిక్కు నుంచి మాటలు, నవ్వులు, బయటికి రమ్మని కేకలు వినపడుతున్నయి.

"అక్క ఏది?"

"మంచిర్యాల దవాఖాన్ల ఉన్నది. పిల్లను ఎత్తుకొని పోయినకాన్నుంచి అక్కడనే. ఆ ఉరుకులాటల ఆమె ఫోన్ ఎక్కడనో పడిపోయింది. పిల్ల తల్లి ఫోన్ల నుంచి మాట్లాడుతున్నది."

 మంజుల ఆ మంచిర్యాల దాటుకొనే వచ్చింది. "పిల్ల?"

"పానం ఉన్నది. వడదెబ్బనట. ఇంక కండ్లు తెరువలే బిడ్డా."

సచ్చిపోలే. మంజుల గోడకు ఆనుకున్నది. అప్పుడే ముందు కిటికి రెక్క బయటి నుంచి ఎవరో కర్రతోటి నెట్టిన్రు. వెలుగు మొఖం మీద పడ్డది. కిటికిల ఒక పోరడు, చేతుల ఫోన్. ఫోన్ల ఉన్న ఫోటోను, ఆమె మొఖాన్ని ఒకదాని పక్కన ఒకటి చూసిండు.

"అరె, లోపల్నే ఉన్నది," అన్నడు వెనుకకు తిరిగి. "ఆమెనే. గీ మొఖమే."

బయట గొంతులు ఒక్కసారి పెరిగినయి. తలుపు మీద దెబ్బలు. పక్కింటోళ్లు ఎవరో చెప్తున్నరు, గామె మా మంజుల కాదు, మా మంజుల గిట్ల ఉండదని. వినేటోడు లేడు. వాళ్లందరి చేతులల్ల ఫోటో ఉన్నది.

బాలమల్లు తలుపు దిక్కు నడిచిండు. "నువ్వు నా బిడ్డవు కాదని నేను చెప్త. నువ్వు ఎనుకకెల్లి వెళ్లిపో. ఆటో ఉన్నది గద."

మంజుల వెనుక తలుపు చూసింది. పోవచ్చు. తను పోతే వాళ్లు లోపలికొస్తరు, ముసలాయన ఒక్కడు. ఆమెకు సిరిసిల్లల తన పిల్లలు యాదికొచ్చిన్రు. నరేశ్ గంటకోసారి అన్న మాట యాదికొచ్చింది.  "పెద్దబాపూ, పిల్ల తల్లికి ఫోన్ కలుపు," అన్నది. "కలిపి నా ఎనుక నిలబడు."

తలుపు తీసింది.

ఎండ, చెమట వాసన, ఫోన్లు. ముందు వరుసల ఉన్నోళ్లు ఆమె అంత దగ్గర కనపడేసరికి ఒక అడుగు వెనుకకు వేసిన్రు. కిటికి దగ్గరి పోరడు ఫోన్ ఆమె మొఖం మీదికి పెట్టి, "చెప్పు. గా మంజుల నువ్వేనా?" అన్నడు.

కాదు అంటే సరిపోతది. ఒక్క మాట. నాలిక మీదనే ఉన్నది.

"ఆడెపు మంజులనే," అన్నది. వేల మంది ముంగట పాడిన గొంతు, ఇప్పుడు తనకే సరిగ వినపడలే. గట్టిగ అన్నది. "పిల్ల సావలే. మంచిర్యాల దవాఖాన్ల ఉన్నది. మీల ఆ పిల్లను చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా? పేరన్న తెలుసా?"

ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. "అబద్ధాలాడుతున్నది," అని వెనుకకెల్లి ఎవడో అన్నడు. అక్కడి నుంచే రాయి వచ్చింది. చిన్నదే. కనుబొమ్మ పైన తగిలి కింద పడ్డది. నొప్పి తెలియలే. ఒక కన్నుల ఏదో వెచ్చగ దిగి చూపు ఎర్రగయింది. కొంగు అదిమిపెట్టుకొని అట్లనే నిలబడ్డది. కూసుంటె మీద పడ్తరేమోనని భయం.

అప్పుడు బాలమల్లు తన ఫోన్ ముందుకు చాపిండు. అవతల ఒక ఆడామె గొంతు. స్పీకర్ల గరగర వచ్చింది.

"ఎవలు మీరు?" అన్నది ఆమె. "నేను భూమిక తల్లిని, స్వరూపను. వాంకిడి దిక్కోళ్లం. నా బిడ్డ సచ్చిపోయిందని మీకెవలు చెప్పిన్రు?"

ముందు వరుసల ఒకడు ఎత్తిపట్టిన ఫోన్ దించిండు.

"నా బిడ్డ శ్వాస తీస్తున్నది. నేను పక్కనే ఉన్న. తడి బట్ట మార్చుకుంట కూసున్న. పొద్దటికెల్లి ఎవలెవలో ఫోన్ చేసి నీ బిడ్డ పోయింది గద, ఒక ముక్క మాట్లాడు అంటున్నరు. బతికున్న పోరిని ఎన్నిసార్లు సంపుతరు? గీ మేడమే నా బిడ్డను భుజం మీదేసుకొని ఉరికింది. ఆమె తప్పుంటే నేను అడుగుత. నేనున్న గద, తల్లిని. మీరెవలు?"

జనంల ఒక పెద్దాయన ముందుకు వచ్చిండు. "నువ్వు తల్లివేనని ఎట్ల నమ్మాలెనమ్మా?" అన్నడు, మర్యాదగనే.

"నమ్మకుంటే దవాఖానకు రాండ్రి. వచ్చేటప్పుడు మంచు గడ్డలు తెండ్రి. గీడ దొరుకుతలేదు." స్వరూప ఏడుపు మింగింది. "ఫోన్ పెడుతున్న. డాక్టరమ్మ వస్తున్నది."

పెద్దాయన తల గోక్కుంట వెనుకకు తిరిగిండు. కొందరు ఆయన వెంట కదిలిన్రు. సిగ్గుపడి పోయిన్రని చెప్పలేం. కొందరు ఎండకు పోయిన్రు, కొందరు గల్లి మొగదల పోలీసు జీపు చప్పుడు విని పోయిన్రు. రాయేసినోడు ఎవడో తెలియనే లేదు. ఫోన్ పట్టుకున్న పోరడు చివరిదాక ఉన్నడు. మంజుల మొఖం మీది నెత్తురు చూసి, "మరి నువ్వు ఎవలు?" అని అడిగిండు. ఈసారి నిజంగనే అడిగిండు.

"పాటలు పాడెదాన్ని," అన్నది ఆమె, అరుగు మీద కూలబడి.

అరుణ్‌కుమార్ ఆమెను ముందు ఒక చిన్న దవాఖానకు తీసుకపోయి కుట్లు వేయించిండు. తర్వాత బాలమల్లును గూడ ఎక్కించుకొని మంచిర్యాల తీసుకపోయిండు. దారిల రెండు చోట్ల ఆపి మంచు గడ్డలు కొన్నరు. నరేశ్‌కు ఫోన్ చేసి చిన్న దెబ్బ తాకిందని చెప్పింది. అతను ఎక్కడ, ఎట్ల అని అడుగుతనే ఉన్నడు. ఆమె మంచిగనే ఉన్నననే చెప్తున్నది. అతను నమ్మలే.

కోచ్ మంజుల వార్డు బయట గోడ వారకు నేల మీద కూసొని ఉన్నది. అదే ట్రాక్ సూట్, మోకాళ్ల మీద ఎర్రమట్టి. కరీంనగర్ల చూసిన మనిషి లెక్క లేదు. చెల్లె నుదుటి మీది కట్టు చూసి లేవబోయింది, లేవలేకపోయింది. బాలమల్లు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, మంచు సంచి పట్టుకొని లోపలికి పోయిండు.

"నా తిట్లు నీకు వచ్చినయి," అన్నది కోచ్.

"అక్కా, నేను అడగాల్నని వచ్చిన," అన్నది మంజుల పక్కన కూసొని. "కొట్టినవా?"

"పడిపోయినంక లేపాల్నని చెంపలు తట్టిన. గట్టిగనే తట్టిన. భయంతోటి." ఆమె మోకాలి మీది ఎర్రమట్టిని గోటితోటి గీరింది. "అది గాదు చెల్లె. అంతకుముందు, తల నొస్తున్నది మేడమ్ అన్నది. ఇంకొక్క రౌండ్ కొట్టి కూసో అన్న. పోటీలు దగ్గరికొచ్చినయి గద. అంతే. ఆ ఒక్క రౌండ్ ఎందుకు చెప్పిననో నాకు తెల్వదు. ఎప్పుడూ చెప్తనే ఉంట. ఎప్పుడూ ఏం కాలే."

మంజుల ఏదన్న అనాలనుకున్నది. నీ తప్పు లేదు అని అనొచ్చు. కాని అది నిజమో కాదో ఆమెకు తెలియదు. కోచ్ చెయ్యి తన చేతులకు తీసుకున్నది. ఆ చెయ్యి మగోళ్ల చెయ్యి లెక్క గరుకుగ ఉన్నది, సల్లగ ఉన్నది.

"నువ్వు గాదని చెప్పుకోకపోయినవా?"

"చెప్పుకుంట. పిల్ల లెవ్వని."

వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్ల ఇద్దరూ ఒక్కతీరుగనే తల ఎత్తిన్రు. నర్సు సెలైన్ పట్టుకొని పోయింది. ఇంకెవరి మనుషులో ఏడ్చుకుంట బయటికి వచ్చిన్రు. స్వరూప ఒకసారి వచ్చి కోచ్ ముంగట నిలబడి, "ఏం తినలే గద మీరు," అని మాత్రం అని లోపలికి పోయింది. ఆ మాటల కోపం ఉన్నదో లేదో పోల్చుకోలేక కోచ్ తలుపు దిక్కే చూసుకుంట కూసున్నది. వాళ్లకు ఫోన్ చూడబుద్ధి కాలే. బయట ప్రపంచం ఏమనుకుంటున్నదో గాని, అక్కడ మాత్రం ఒక్కటే ఆలోచన. పిల్ల కన్ను తెరుస్తదా.

తెల్లారినంక భూమిక కన్ను తెరిచింది. ముందు తల్లిని గుర్తు పట్టలే. అది చూసి స్వరూప గోడకు తల కొట్టుకున్నది. పొద్దెక్కినంక తల్లిని చూసి అవ్వా అన్నది. డాక్టరమ్మ బయటికొచ్చి ఇంక భయం లేదని చెప్పినప్పుడు కోచ్ ఏడ్వలే, నవ్వలే. లేచిపోయి నల్లా కింద తల పెట్టుకొని అట్లనే నిలబడ్డది.

అప్పటికి నరేశ్ వచ్చిండు. మొదటి బస్సుకు బయలెల్లి, మూడు బండ్లు మారి వచ్చిండు. పెండ్లాం నుదుటి కట్టు చూసి, తెచ్చిన టిఫిన్ డబ్బా కింద పెట్టి, మొఖం అటు తిప్పుకున్నడు. కొంచెం సేపైనంక, "ఇప్పుడన్న వీడియో పెడుదమా?" అన్నడు.

పెట్టిన్రు. నరేశే తీసిండు. దవాఖాన వరండల ఇద్దరు మంజులలు పక్కపక్కన నిలబడ్డరు. ముందు కోచ్ మాట్లాడింది. ఆ వీడియోల వీపు కనపడుతున్నది తనదేనని, కొట్టలేదని, లేపుతున్నదని చెప్పింది. అక్కడికి ఆపొచ్చని నరేశ్ చేత్తోటి సైగ చేసిండు. ఆమె ఆపలే. పిల్ల తల నొస్తున్నదంటే వినలేదని, ఇంకొక్క రౌండ్ అన్నదని, దానికి ఎవరడిగినా జవాబు చెప్తనని అన్నది. తర్వాత పాటల మంజుల, "ఆ ఫోటోల ఉన్నది నేను. గ్రౌండుల ఉన్నది నేను కాదు. ఆమె మాత్రం నాకు తెలిసిన మనిషి," అన్నది. 

మొదటి వీడియోను చూసినంత మంది దీన్ని చూడలే. విచారణ జరిగింది. కోచ్ ఆ ఎండకాలం మొత్తం గ్రౌండుకు పోలే. వానలు పడ్డంక మల్ల పనిల పెట్టుకున్నరు గాని, ఇప్పుడు ఏ పిల్ల తల పట్టుకున్నా ఆట ఆపేస్తదట. అట్లయితే గెలవం మేడమ్ అని పిల్లలే గొణుగుతరట. భూమికను స్వరూప ఊరికి తోలుకపోయింది, మల్ల ఆటకు పంపలే. కోచ్ అడగలే. మెట్‌పల్లి కౌన్సిలరు ఒకసారి మంజులకు ఫోన్ చేసి, ఆవేశంల ఇంటి గుర్తు చెప్పేసినమ్మా, మనసుల పెట్టుకోకు అన్నది. మంజుల సరే మేడమ్ అన్నది.

ఆదివారం వేములవాడల వేరేటోళ్లు పాడిన్రు. కొన్నాళ్లకు దశరథమే మల్ల పిలిచిండు, ఈసారి ఇంకో కార్యక్రమానికి. మంజుల పోయింది. కనుబొమ్మ మీది కుట్లు మానినయి గాని సన్నగ గీత ఉండిపోయింది. స్టేజి ఎక్కి మైకు సరిచేసుకుంటుంటే ముందు వరుసల ఒకామె పక్కామె చెవుల ఏదో చెప్పింది. ఇద్దరూ ఆమె దిక్కు చూసిన్రు. ఏమన్నదో వినపడలే. పాట గురించే కావచ్చు. చీర గురించి కావచ్చు. మంజుల చెయ్యి కనుబొమ్మ మీది గీత దిక్కు పోయింది. వెనుక డప్పు మొదలైంది. ఆమె ఒక వరుస వదిలేసింది, డప్పాయన తల ఎత్తి చూసిండు. రెండో వరుసకు ఊపిరి తీసుకొని పాట అందుకున్నది.